మూత లేని గుండిగ

2023 డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, రాజాంలో మా ఇంటి పెరట్లో ఉన్న కట్టెల పొయ్యిని మా నాన్న కొండబాబు గునపంతో పడగొట్టాడు. మా మామ్మ జగ్గమ్మ పీట వేసుకుని కూర్చుని చూసింది. ఆ పొయ్యి ఆమె కట్టుకున్నదే.

"నెమ్మదిరా," అంది. "పగోడి ఇల్లు కూల్సినట్టు కూలుస్తన్నావేటి?"

"నువ్వు లోపలికెళ్ళమ్మా. దుమ్ము లెగుస్తాది."

"డాక్టరు దుమ్ము వద్దననేదు. పొగే వద్దన్నాడు."

నేను శృంగవరపుకోట నుంచి పురిటికి పుట్టింటికి వచ్చాను. తొమ్మిదో నెల. గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. కూలిన ఇటుకల్లో విరగనివి ఏరించి మామ్మ నూతి పక్కన పేర్పించింది. పారెయ్యడానికి ఒప్పుకోలేదు.

మా వీధిలో మామ్మని నీళ్ళోసే జగ్గమ్మ అంటారు. పసిబిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్ళు పోస్తుంది. తర్వాత బాలింతకి తలంటుతుంది. మా వీధిలో బడికి వెళ్ళే పిల్లల్లో ఆమె కాళ్ళ మీద పడుకోనివాళ్ళు తక్కువ. చీర పెడితే తీసుకునేది. పెట్టకపోతే అడిగేది కాదు. పిలవకపోతే మాత్రం ఆ ఇంటివాళ్ళతో మాట్లాడేది కాదు.

కార్తీకమాసంలో శ్రీకాకుళం డాక్టరు ఆమె ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి నాన్నని పక్కకి పిలిచాడు. ఏళ్ళ తరబడి పీల్చిన పొగ అని చెప్పాడు. ఈ చలికాలం కూడా పొయ్యి ముందు కూర్చుంటే, వచ్చే చలికాలానికి ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టుకోవాల్సి వస్తుందన్నాడు.

ఏ బాలింత ఇంటికి వెళ్ళినా పెరట్లో పొయ్యి మండుతూనే ఉంటుంది. అందుకని మామ్మ వెళ్ళడం మానేసింది. వెనక వీధిలో ఒక బాలింత వేరే మనిషిని పెట్టుకుంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మామ్మ మాత్రం ఆ వైపు కిటికీ తెరవడం మానేసింది.

ఇక ఆమెకి మిగిలింది నా బిడ్డ.

"భారతి గుంటకి నానే నీళ్ళోస్తాను," అంది ఆ ఆదివారం, నా పొట్ట వైపు చూపిస్తూ, పొయ్యి ఉన్న చోటు చదునయ్యాక. "నువ్వెట్టే మిషను నీళ్ళు నా మోసేతికి నచ్చితే సరే. నచ్చకపోతే అవే ఇటికలతో మళ్ళీ పొయ్యి కడతాను. సిలిండరొస్తే రానీ."

నాన్న సరే అన్నాడు.

నాన్న ఏసీ మెకానిక్కు. రాజాంలో బట్టల దుకాణాల్లో, కాలేజీల్లో, ఇళ్ళలో ఇరవై రెండేళ్ళుగా ఏసీలు బిగిస్తున్నాడు. విశాఖపట్నంలో ఒక హోటల్లో పనికి వెళ్ళినప్పుడు డాబా మీద హీట్ పంప్ చూశాడు. కట్టెలు లేకుండా, గాలిలోని వేడిని లాగి, కరెంటు పొదుపుగా వాడుకుని నీళ్ళు కాచే యంత్రం. డాక్టరు మాట విన్న వారానికే ఒకటి లారీలో వేయించుకొచ్చాడు. రాజాంలో అప్పటికి అలాంటిది ఆయనెక్కడా బిగించలేదు. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక మిషను అన్నారు.

గీజరు చాలదా అని మా అమ్మ శైలజ ముందే అడిగింది. "గీజరు నీళ్ళు తల తడిసేసరికి అయిపోతాయి. మా యమ్మ బాలింతకి పోసేది గాబుడు నీళ్ళు," అన్నాడు నాన్న. గ్యాసు మీద గుండిగ కాస్తే దాన్ని దించి పెరట్లోకి మొయ్యాలి. అది అమ్మ నడుముకి అయ్యే పని కాదు.

మామ్మ అనుమానం వేరు.

"సలికాలంలో గాలికి ఎచ్చన ఎక్కడిదిరా? నానే ఆ గాలికి వణికిపోతన్నాను."

నాన్న ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. "ఫ్రిజ్ ఎనకాతల సెయ్యెట్టమ్మా."

పెట్టింది. "ఎచ్చగా ఉన్నాది."

"లోపల ఐసు కడతన్నాది కదా. మరి బయట ఎచ్చన ఎక్కడిది?"

మామ్మ ఫ్రిజ్ తలుపు తీసి పాలగిన్నె ముట్టుకుంది. మళ్ళీ వెనక చెయ్యి పెట్టింది. "పాలల్లోది లాగి ఇటు పారబోస్తన్నాది."

"అదే. మన మిషను గాలిలోది లాగి నీళ్ళల్లో పోస్తాది."

"లాగేసిన గాలేటవుతాది?"

"సల్లబడి పోతాది."

"ఎక్కడికి?"

"ఎక్కడికో పోతాది. గాలికి ఇల్లేటమ్మా?"

నీళ్ళ ట్యాంకుని పొయ్యి ఉన్న చోట సిమెంటు దిమ్మ మీద నిలబెట్టారు. మనిషెత్తు తెల్లటి పీపా. ఫ్యాను ఉన్న పెట్టెని పెరటి గోడకి బిగించారు. రెండింటినీ రాగి గొట్టాలతో కలిపారు. గొట్టాల అతుకులు నాన్నవి, నీళ్ళ పైపులు గంగులువి. గంగులు ప్లంబరు, నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. నాన్న అతుకుల మీద సబ్బునురుగు రాసి, బుడగ వస్తుందేమోనని చాలాసేపు చూశాడు.

"పెళ్ళికూతురి మొహం కూడా ఇంతసేపు సూసుండవు బావా," అన్నాడు గంగులు.

"ఆవిడ లీకవదు కదరా," అన్నాడు నాన్న. అమ్మ వంటింట్లోంచి గరిటె చూపించింది.

మామ్మ ట్యాంకు చుట్టూ తిరిగింది. "మూతేదిరా?"

"మూతుండదమ్మా."

"మూత నేని గుండిగేటి? నీళ్ళు కాగినాయో నేదో ఎలగ సూడ్డం?"

"ఇక్కడ అంకె వస్తాది."

"అంకెకి ఎచ్చన తెలుస్తాదేటి? సరే గానీ, వావిలాకు ఎందులోంచి వెయ్యాల?"

బాలింత ఒంటినొప్పులకి నీళ్ళలో వావిలాకు వేసి కాస్తారు. నాన్న ట్యాంకుకి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, అందులో ఆకు ఎయ్యకూడదు. మిషను సస్తాది."

"ఆకేస్తే సచ్చే మిషనేటిరా! పొయ్యి ఎన్నడైనా సచ్చినాదేటి?"

ఆకు చిన్న గిన్నెలో గ్యాసు మీద మరిగించి ఆ కషాయం బకెట్లో కలుపుదామని అమ్మ అంది. మామ్మ ఒప్పుకున్నట్టు చెప్పలేదు. కాదనీ అనలేదు.

సందు అవతలి ఇంటి లక్ష్మీనరసమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఆమెకీ మామ్మకీ ఒకే ఏడాది పెళ్ళిళ్ళయ్యాయి. ఒకే ఏడాది కాపరానికి ఈ వీధికి వచ్చారు.

"ఏటే జగ్గమ్మా, పెరట్లో ఏసీ ఎట్టించినావట. కాకులకేటి?"

అప్పటిదాకా నాన్నని సాధిస్తున్న మామ్మ నడుము నిటారుగా చేసుకుంది. "కాకులకి కాదు, నీకే. పొద్దల్లా మా గోడ మీదే ఉంటన్నావు కదా, ఉక్కపోస్తాదని." తర్వాత గొంతు పెంచి అంది: "మావోడు గాల్లోంచి నీళ్ళు కాస్తన్నాడు. మీ వోడు కరెంటు బల్బు మార్సడానికి మనిషిని పిలుస్తాడు."

"కాగనీ సూద్దాం."

"సూద్దువు గానీ, ముందు గోడ దిగు."

డిసెంబరు పంతొమ్మిదిన ఆసుపత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు ఉదయం పురుడు. చుట్టాలు వచ్చారు. పెరట్లో స్నానాల బండ చుట్టూ మూడు వైపులా పాత చీరలు కట్టారు. నాలుగో వైపు గోడ. ఆ గోడకే మిషను పెట్టె ఉంది. అది ఆగి ఉంది. నీళ్ళు అంతకుముందే కాగాయి.

మామ్మ పీట మీద కూర్చుంది. ముందు నాకు పోస్తానంది. తల మీద నూనె పెట్టి చరిచింది. కుళాయి తిప్పించి, బండ పక్కనున్న నీళ్ళ గాబు నింపించింది. వావిలాకు కషాయం కలిపించింది. మొదటి చెంబు వీపు మీద పడ్డప్పుడు నా ఒళ్ళు సడలింది. నీళ్ళు వేడిగానే ఉన్నాయి. సున్నిపిండి రాసింది. మళ్ళీ పోసింది. గాబు మళ్ళీ నింపించింది.

వేడినీళ్ళు వాడుకున్నకొద్దీ ట్యాంకులోకి చన్నీళ్ళు చేరతాయి. కాసేపటికి మిషను తనంతట తనే పని మొదలుపెడుతుంది. గోడ మీద ఫ్యాను తిరిగింది. చీరలు బయటికి ఉబ్బాయి. తడిసిన నా తల మీదకి, వీపు మీదకి చల్లటి గాలి కొట్టింది. పళ్ళు టకటకలాడాయి.

మామ్మ లేచి తన ఒంటితో నన్ను కప్పేసింది.

"ఒరే కొండా! కట్టెయ్యిరా! బాలింతరాలి మీద సలిగాలి ఊదతన్నాదిరా నీ మిషను!"

నాన్న పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపాడు. చీరల అవతలే నిలబడిపోయాడు.

ఏసీ బయటి పెట్టెని గోడకి వీపు, ఖాళీకి మొహం చేసి బిగిస్తారు. అది వేడి ఊదుతుంది. ఆ వేడి ఎటైనా పోతే చాలు. ఇది చల్లన ఊదుతుందని నాన్నకి తెలుసు. చేతులకి తెలియలేదు.

అమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి దుప్పటి కప్పింది. పాపకి ఆ పూటకి నీళ్ళు పొయ్యకుండా ఒళ్ళు తుడిచి బట్టలు మార్చారు. చుట్టాల్లో ఒకామె, సన్నిపాతం రాకుండా శొంఠి పెట్టమని చెప్పింది. ఇంకొకామె, ఇలాంటివన్నీ హోటళ్ళకి గానీ కొంపలకి పనికిరావంది.

నేను పడుకున్న గది కిటికీ పెరటి వైపే. మామ్మ తడి చీరతోనే నూతి దగ్గరికి వెళ్ళింది. ఒక ఇటుక తీసుకుని ట్యాంకు పక్కకి తెచ్చి పెట్టింది. వెనక్కి వెళ్ళి ఇంకొకటి తెచ్చింది. మధ్యలో ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంది. మూడోది తెస్తుంటే నాన్న ఎదురెళ్ళి ఆమె చేతిలోంచి ఇటుక తీసుకున్నాడు.

"రేపు పొద్దున్నదాకా ఆగమ్మా."

"రేపు పొద్దున్న సంటిదానికి ఎవులు పోస్తారు?"

"నువ్వే."

"ఏ నీళ్ళు?"

"ఇవే నీళ్ళు."

"గాలో?"

"గాలికి దారి సూపిస్తాను."

మామ్మ నాన్న మొహం చూసింది. పీట తీసుకుని లోపలికి వచ్చి చీర మార్చుకుంది.

మిషను పెట్టె పెట్టగల చోటు ఇంకొకటే ఉంది. సందు వైపు గోడ. సందు మాకూ లక్ష్మీనరసమ్మ వాళ్ళకీ ఉమ్మడి. అటు ఆమె కిటికీ ఉంది. పురుటి భోజనానికి వచ్చిన లక్ష్మీనరసమ్మ దగ్గరికి నాన్న వెళ్ళాడు.

"పిన్నీ, ఆ పెట్టె సందులోకి తిప్పుతాను. సల్లగాలి వస్తాది, కొద్దిగా నీళ్ళు కారతాయి. పైపేసి కాలవలో కలిపేస్తాను."

"మీ యమ్మ అడగమన్నాదేటి?"

"మా యమ్మకి తెల్దు."

"తెల్దా! మరి నిన్న మొన్నటిదాకా మావోడు అంతోడు ఇంతోడు అన్నాది." లక్ష్మీనరసమ్మ విస్తరాకు ముందు నుంచి లేవకుండానే ఆలోచించింది. "ఇప్పుడు నా కిటికీ మూసుకుంటాను. ఎండాకాలం వచ్చినాక తీస్తాను. అప్పుడా సల్లగాలి నాదే. నాది కాదంటే ఊరుకోను."

"నీదే పిన్నీ."

"సరే పో. ముందు నాకు పెరుగేయించు."

చుట్టాలు తింటుండగానే పని మొదలైంది. నాన్న రాగి గొట్టాల్లో తిరిగే గ్యాసుని మిషను పెట్టెలోకి లాక్కుని వాల్వులు మూశాడు. రాగి గొట్టాలు కోశాడు. గంగులు సందు గోడకి డ్రిల్లింగ్ పెట్టాడు. ఇటుక పొడి గాల్లోకి లేచింది. పెట్టెని ఇద్దరూ దించి, సందులోకి మోసి, మా గోడకి, లక్ష్మీనరసమ్మ కిటికీ కంటే దిగువగా బిగించారు. గొట్టాలు పొడుగు చేసి అతికించారు. మళ్ళీ సబ్బునురుగు. గంగులు ఈసారి ఏమీ అనలేదు. దీపాలు పెట్టేవేళకి నాన్న స్విచ్చి వేసి పెరట్లోకి వచ్చాడు. బండ మీద, నేను కూర్చున్న చోటే తను కూర్చున్నాడు. చొక్కా విప్పి, చెంబుడు నీళ్ళు వీపు మీద గుమ్మరించుకుని అలాగే ఉన్నాడు. గాలి తగలలేదు. కిటికీలోంచి నన్ను చూసి లేచి, తువ్వాలు అడిగాడు.

మర్నాడు ఉదయం మామ్మ పీట వేసుకుని కాళ్ళు చాపుకుంది. అమ్మ కుళాయి తిప్పింది. గాబులో నీళ్ళు నిండాయి. మామ్మ మోచెయ్యి ముంచింది. నాన్న సందులో ఉన్నాడు. మిషను తిరుగుతున్న చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది. గోడ ఇవతల చీరలు కదలడం లేదు.

"శైలజా," అంది మామ్మ.

"ఏంటత్తా?"

"సన్నీళ్ళు తే. కాలిపోతన్నాయి."

అమ్మ నూతిలో చేద వేసింది. మామ్మ చన్నీళ్ళు కలిపి, ఆపి, కలిపి, మోచెయ్యి పెట్టి చూసి పాపని ఇమ్మంది.

పాప కాళ్ళ మీద బోర్లా పడుకుని ఏడ్చింది. మామ్మ చేతులు వీపు మీద పైనుంచి కిందికి నడిచాయి. మెడ వెనక, చెవుల వెనక, చంకల్లో వేళ్ళు తిరిగాయి. తన చెయ్యి అడ్డం పెట్టి పాప నుదుటి మీంచి నీళ్ళు వదిలింది.

"ఏడవే ఏడు. ఊపిరి తెరుసుకుంటాది. మీ తాత కన్నా గట్టిగా ఏడు. ఆడు నా కాళ్ళ మీద ఏడిస్తే పొందూరు దాకా ఇనిపించీది. ఇటు తిరుగు. ముక్కేటే ఇలాగున్నాది, మీ నాయన్దేటి? పరవానేదు, నాను సరిసేస్తాను."

నేను చిన్నప్పటి నుంచి మామ్మ నీళ్ళు పొయ్యడం చూశాను. పోస్తున్నప్పుడు ఆమె మాట్లాడగా వినలేదు. అప్పట్లో మాట్లాడాలంటే పొగలో నోరు తెరవాలి.

తర్వాత నాకు పోసింది. గాబు నిండుతూనే ఉంది. ఇక చాలు అనే వరకు పోసింది. చాలన్నాక మరో రెండు చెంబులు పోసింది. సాంబ్రాణి పొగ అమ్మ వేసింది. మామ్మ గది బయటే ఆగి, తలుపు మూసి, బయట నుంచి చెప్పింది: "జుత్తు విప్పి పట్టు. అలగ కాదు, కింద నుంచి."

నాన్న సందులోంచి వచ్చాడు. "ఎలగున్నాయమ్మా నీళ్ళు?"

"సన్నీళ్ళు సాలనేదు," అంది మామ్మ. "రేపట్నుంచి రెండు చేదలు ముందే తోడించు."

మధ్యాహ్నం ఆమె గంగులుని పిలిచి, ఇటుకలు వాళ్ళింటి మెట్లకి పట్టుకుపొమ్మంది. గంగులు రిక్షాలో వేసుకుని పట్టుకుపోయాడు.

మాఘమాసంలో లక్ష్మీనరసమ్మ మనవరాలు పురిటికి వచ్చింది. మగపిల్లాడు. లక్ష్మీనరసమ్మ ఈసారి గోడ మీంచి కాకుండా వీధి గుమ్మంలోంచి వచ్చింది.

"జగ్గమ్మా, మా గుంటడికి ఎవులు పోస్తారే?"

"మీ ఇంట్లో పొయ్యుంది కదే. నాను రాను."

"నువ్వు రావని తెలుసు. మేమే వస్తాం అంటన్నాను."

"వస్తే రండి. కాకుల ఏసీయే ఉన్నాది మరి."

"ఉండనీలే," అంది లక్ష్మీనరసమ్మ.

పిల్లాడిని దుప్పట్లో చుట్టి ఉదయం పూట మా పెరట్లోకి తెచ్చేవారు. తర్వాత వెనక వీధిలో, వేరే మనిషిని పెట్టుకున్న ఇంటివాళ్ళు కూడా అడిగారు. మామ్మ ఒక పూట జవాబు చెప్పకుండా కూర్చోబెట్టింది. సాయంత్రం, పిల్లని తెండి అని కబురు పంపింది. పాలకొండ రోడ్డులో ఒకాయన నాన్న షాపుకి వచ్చి, అలాంటి మిషను తమ ఇంట్లో కూడా పెట్టమని అడిగాడు. నాన్న ముందు వాళ్ళ పెరడు చూడాలన్నాడు. మామ్మని కూడా బండి మీద తీసుకెళ్ళాడు. బండ ఎక్కడ, గాలి ఎటు అనేది ఆమె నిలబడి చూపించింది. పెట్టె అక్కడే బిగించారు.

మార్చి మొదటి వారంలో నాన్నా నేనూ మామ్మని శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గట్టిగా ఊపిరి తీసి వదలమన్నాడు. మళ్ళీ విన్నాడు. పోయినసారి కంటే నయంగా ఉందని, అదే మందు వాడమని చెప్పాడు. ఆక్సిజన్ మాట ఎత్తలేదు.

"పొయ్యి మానేశారా?" అని అడిగాడు.

"మానీసినాను బాబూ."

"పిల్లలకి నీళ్ళు పొయ్యడం కూడా?"

"అదెందుకు మానీస్తాను? పొద్దున్న ఇద్దరికి పోసే వచ్చినాను."

"మరి నీళ్ళు ఎవరు కాస్తున్నారు?"

మామ్మ పక్కన నిలబడ్డ నాన్న చొక్కా పట్టుకుని ముందుకి లాగింది. "ఈడు. నా కొడుకు. గాల్లోంచి కాస్తన్నాడు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "గాల్లోంచా?"

మామ్మ కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టింది. చెప్పడం పూర్తయ్యేసరికి పావుగంట దాటింది. మధ్యలో ఒక్కసారే దగ్గింది.